మ్యాచ్ రోజు ఇంటికి పన్నెండు మంది: చేత్తో పట్టుకుని తినే స్నాక్స్ చెప్పండి

కూకట్‌పల్లి కాపురం · గురువారం రాత్రి 9:12

ఆదివారం రాత్రి 7:30కి ఐపీఎల్ మ్యాచ్. మా ఆఫీసు వాళ్ళు, వాళ్ళ పిల్లలు కలిపి పన్నెండు మంది మా ఇంటికి వస్తున్నారు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్. సోఫాలో నలుగురు పడతారు, మిగతావాళ్ళకి చాపలే. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో కలుపుకుని తినేవి వద్దు. చెయ్యి చాపితే అందాలి, నోట్లో వేసుకోవాలి, కళ్ళు టీవీ మీంచి కదలకూడదు.

ఇద్దరు పూర్తి శాకాహారులు. ఒకాయనకి షుగర్. ఐదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరు.

అసలు చిక్కు వేరే ఉంది. మా ఆవిడకి నాకంటే క్రికెట్ పిచ్చి ఎక్కువ. "టాస్ పడ్డాక నేను స్టవ్ దగ్గర నిలబడను, నువ్వు నిలబడతానంటే నీ ఇష్టం" అని ముందే తేల్చేసింది. నాకూ నిలబడాలని లేదు. ఏం చేస్తే బాగుంటుంది?

బెజవాడ బాబాయ్ · గురువారం రాత్రి 9:20

మ్యాచ్ అంటే మిరపకాయ బజ్జీ. ఇందులో చర్చ ఏముంది?

ఓరుగల్లు వదిన · గురువారం రాత్రి 9:41

బాబాయ్ గారూ, ఆ బజ్జీలు ఎవరు వేస్తారో కూడా చెప్పండి మరి. పన్నెండు మందికి తలా మూడు అనుకున్నా ముప్పై ఆరు. మూకుడులో విడతకి ఆరేడు పడతాయి. అన్నీ అయ్యేసరికి అరగంట. ఈలోపు మొదటి విడత మెత్తబడుతుంది, అది తిన్నవాళ్ళు "ఇంకో రెండు వేడిగా" అంటారు. వేసే మనిషి ఇక వంటింట్లోంచి బయటికి రాదు.

2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్లో సూర్యకుమార్ బౌండరీ గీత మీద మిల్లర్ క్యాచ్ పట్టినప్పుడు నేను చిల్లుల గరిటె పట్టుకుని నూనె ముందున్నాను. హాల్లో కేకలు విని పరుగెత్తుకొస్తే రీప్లే నడుస్తోంది. దేశమంతా నేరుగా చూసిన క్యాచ్‌ని నేను రీప్లేలో చూశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో మ్యాచ్ ఉంటే మూకుడు ఎక్కదు.

తమ్ముడూ, నువ్వు సర్వపిండి చెయ్యి. పొద్దున చేసి పెట్టుకుంటే రాత్రి దాకా బాగుంటుంది, చల్లారితేనే ఇంకా రుచి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలుపు. మందపాటి గిన్నెకి లోపల నూనె రాసి, పిండిని అడుగుకీ అంచులకీ పల్చగా అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలెయ్యి. అంచులు గిన్నె వదిలి లోపలికి వంగితే అయినట్టు. ముక్కలుగా విరిచి పెడితే ఒక చేత్తో తినొచ్చు. చట్నీ కూడా అక్కర్లేదు.

స్కోరు పుస్తకం · గురువారం రాత్రి 10:05

ఏం వండాలన్నది తర్వాత. ముందు మ్యాచ్ టైమింగ్ చూసుకోండి, మెనూ దాన్నిబట్టే తేలిపోతుంది.

ఐపీఎల్‌లో ఇన్నింగ్స్‌కి ఇచ్చే సమయం 90 నిమిషాలు. అందులోనే ఆట ఆపే టైమౌట్లు రెండు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. ఫీల్డింగ్ జట్టు 6 నుంచి 9 ఓవర్ల మధ్య తీసుకుంటుంది, బ్యాటింగ్ జట్టు 13 నుంచి 16 మధ్య. రెండు ఇన్నింగ్స్‌ల నడుమ 20 నిమిషాలు విరామం. చెప్పడానికి 90 నిమిషాలే గానీ, రివ్యూలు, మంచు తడికి బంతి తుడుచుకోవడాలు, ఫీల్డింగ్ సర్దుబాట్లు కలిపి ఇంకా సాగుతుంది.

పవర్‌ప్లే, అంటే మొదటి ఆరు ఓవర్లలో ఎవరూ లేవరు, మీరూ లేవకూడదు. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీలో మన హైదరాబాద్ వాళ్ళు ఆ ఆరు ఓవర్లలోనే వికెట్ పడకుండా 125 కొట్టారు. అలాంటి రోజు వంటింట్లో ఇరుక్కుంటే జన్మంతా చెప్పుకోవాలి. కాబట్టి 7:30కి ముందే కరకరలాడేవి ఏవో గదిలోకి వచ్చేసి ఉండాలి. టైమౌట్లో మంచినీళ్ళు, మజ్జిగ, ఖాళీ గిన్నె నింపడం. రెండున్నర నిమిషాల్లో అంతకుమించి అవ్వదు. వేడివేడిది ఏదైనా ఉంటే అది 20 నిమిషాల విరామంలోనే. అదీ ఒక్కటే ఉండాలి, రెండు పెట్టుకుంటే రెండో ఇన్నింగ్స్ పవర్‌ప్లే పోతుంది.

బెజవాడ బాబాయ్ · గురువారం రాత్రి 10:18

వదిన గారు నన్ను మరీ విలన్‌ని చేశారు. నేను చెప్పేది పూర్తిగా వినండి. ఆ 20 నిమిషాల కోసమే పుట్టింది కట్ మిర్చి.

లావుగా, లేత పచ్చగా ఉండే బజ్జీ మిరపకాయలు తీసుకోండి. నిలువుగా గాటు పెట్టి గింజలు తీసేసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన ముద్ద లోపల పల్చగా రాయండి. శనగపిండి, నాలుగోవంతు బియ్యప్పిండి, చిటికెడు వంటసోడా. పిండి జారుగా ఉండకూడదు, మిరపకాయని ముంచి తీస్తే కోటు వేసినట్టు పట్టుకోవాలి. సాయంత్రం ఐదింటికి లేత పసుపు రంగు వచ్చేదాకా వేయించి తీసెయ్యండి. ఎర్రబడనివ్వద్దు. పూర్తిగా చల్లారాక అంగుళం ముక్కలుగా కోసి పక్కన పెట్టండి.

ఇన్నింగ్స్ అయిపోగానే నూనె బాగా కాగనిచ్చి, ఆ ముక్కలన్నీ రెండు విడతల్లో వేసి రెండేసి నిమిషాలు తిప్పండి. కోసిన చోట కూడా పిండి వేగి గరగరలాడుతుంది. అసలు బజ్జీకి రాని కరకర దీనికి వస్తుంది. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన పల్లీలు, కాస్త కారం. టూత్‌పిక్‌లు గుచ్చి తీసుకెళ్ళి పెట్టెయ్యండి. మొత్తం పది నిమిషాలు. యాడ్‌లు కూడా అయిపోవు.

ఓరుగల్లు వదిన · గురువారం రాత్రి 10:25

ఇది ఒప్పుకుంటాను. కానీ ఆ పది నిమిషాలు తమ్ముడు నిలబడాలి, మా చెల్లి కాదు.

కర్నూలు కారం · గురువారం రాత్రి 10:50

బొరుగులు మర్చిపోయారేందబ్బా అందరూ?

ఉగ్గాని చెయ్యమని చెప్పడం లేదు, అది తడిగా ఉంటుంది, పళ్ళెం కావాలి. కారం బొరుగులు చెయ్యండి. నూనెలో పల్లీలు, పుట్నాలు, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి (పొట్టుతోనే), ఎండుమిర్చి, రెండు గుప్పిళ్ళ కరివేపాకు వేయించి, స్టవ్ ఆపేసి, పసుపు, కారం, ఉప్పు ఆ వేడి నూనెలో కలిపి అప్పుడు బొరుగులు వెయ్యండి. మళ్ళీ వెలిగించి సన్న సెగ మీద ఐదు నిమిషాలు తిప్పితే చాలు. కారం మంట మీద వేస్తే మాడి నల్లబడుతుంది, ఆపాకే వెయ్యాలి. శనివారమే చేసి డబ్బాలో పోసి మూత గట్టిగా బిగిస్తే ఆదివారం రాత్రికి కూడా కరకరే.

గోదారి గట్టు · గురువారం రాత్రి 11:14

కర్నూలు అన్నా, దాన్నే పిడతకింద పప్పులా చేస్తే ఇంకో లెవెల్లో ఉంటుంది. ఉల్లిపాయ, టమాటా, కొబ్బరిమామిడి ముక్కలు, కొత్తిమీర, నిమ్మకాయ. ఏప్రిల్ కదా, మామిడికాయ పుల్లగా, గట్టిగా దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. కలిపిన ఐదు నిమిషాలకే మరమరాలు మెత్తబడతాయి. అందుకని కలిపి పెట్టొద్దు. మరమరాలు ఒక పెద్ద గిన్నెలో, తడి సరుకు ఇంకో గిన్నెలో, పక్కన పేపర్ కప్పులు. ఎవరిది వాళ్ళు కప్పులో పోసుకుని, అరచేత్తో మూసి ఊపుకుంటారు. పిల్లలకి అదే ఆట.

డైట్‌లో ఉన్నా · శుక్రవారం ఉదయం 7:32

షుగర్ ఉన్నాయన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బియ్యప్పిండి, మరమరాలు, శనగపిండి, నూనె! ఆయన చూస్తూ కూర్చోవాలా?

బొబ్బర్లో, నల్ల శనగలో రాత్రి నానబెట్టండి. ఉప్పు వేసి కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, నీళ్ళు వంచి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు. పైన కొబ్బరి కోరు. ఇంట్లో అమ్మ వరలక్ష్మీ వ్రతానికి చేసే గుగ్గిళ్ళే. చిన్న కప్పుల్లో వేస్తే చేత్తోనే తినొచ్చు. పక్కన కీరా ముక్కలు. ఆయనా తింటాడు, మనమూ తింటాం, రాత్రి పదకొండింటికి కడుపు బరువుగా ఉండదు.

ఓరుగల్లు వదిన · శుక్రవారం ఉదయం 8:10

గుగ్గిళ్ళంటే మా గుడాలే, మంచి మాట. నేనే చెప్పాల్సింది.

ఇద్దరు పిల్లల తల్లి · శుక్రవారం ఉదయం 10:40

ఐదేళ్ళ లోపు పిల్లలు ఉన్నారన్నారు కదా. పల్లీలు, పుట్నాలు, గుండ్రటి శనగలు ఉన్న గిన్నెలు వాళ్ళకి అందే ఎత్తులో పెట్టకండి. ఆ వయసులో పల్లీ గింజ గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఎక్కువ. అందరూ టీవీ వైపు చూస్తూ ఉంటారు, వికెట్ పడితే కేకలు వేస్తారు, పిల్లాడు నవ్వుతూ ఎగురుతూ నోట్లో పల్లీలు పోసుకుంటాడు. ఆ గోలలో ఎవరికీ తెలియదు. నేను ఎప్పుడూ పిల్లలకి వేరే పళ్ళెం పెట్టి, కూర్చోబెట్టి తినిపిస్తా. చిన్న ఇడ్లీలకి నెయ్యి, కారం లేని పొడి. లేదా గుంత పొంగనాలు. అరటిపండు ముక్కలు. కారం కూడా తగలదు.

పెద్దవాళ్ళలో గుడ్డు తినేవాళ్ళకి ఉడికించిన గుడ్లు నిలువుగా నాలుగు చీలికలు చేసి, మిరియాల పొడి, ఉప్పు, చిటికెడు కారం చల్లండి. డజను గుడ్లకి పావుగంట పని. ఎక్కడికెళ్ళినా మొదట ఖాళీ అయ్యేది అదే.

ఇరానీ చాయ్ · శుక్రవారం మధ్యాహ్నం 1:05

హైదరాబాద్‌లో మ్యాచ్ పార్టీ, చికెన్ 65 మాట ఒక్కరూ ఎత్తలేదు. ఇదేం పార్టీ బ్రో, సత్సంగమా?

బోన్‌లెస్ చికెన్ చిన్న ముక్కలు, రాత్రే పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు. ఆదివారం సాయంత్రం గుడ్డు, కార్న్‌ఫ్లోర్ కలిపి వేయించి పక్కన పెట్టేసెయ్. విరామంలో బాణలిలో చెంచాడు నూనె, తరిగిన వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, రెండు చెంచాల పెరుగు వేసి ముక్కలు దాంట్లో తిప్పేస్తే అయిపోయింది.

ఇద్దరు పిల్లల తల్లి · శుక్రవారం మధ్యాహ్నం 1:30

"పక్కన పెట్టేసెయ్" కాదు. ఆరింటికి వేయించిన చికెన్ తొమ్మిదింబావు దాకా ఏప్రిల్ ఎండల్లో వంటింటి గట్టు మీద ఉంటే మూడు గంటలు దాటుతుంది. వండిన మాంసం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. మన వేసవి వేడికి గంటే లెక్క. వేయించి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టి, విరామంలో బాగా పొగలు వచ్చేదాకా వేడి చెయ్యాలి.

కొబ్బరి చట్నీ కూడా అంతే. పల్లీ చట్నీ కాస్త ఆగుతుంది, అల్లం పచ్చడి అయితే ఏ దిగులూ లేదు.

ఇరానీ చాయ్ · శుక్రవారం మధ్యాహ్నం 1:44

సరే అక్కా, ఫ్రిజ్‌లోనే.

ఇంకో దారి కూడా ఉంది. దగ్గర్లో ఇరానీ హోటల్ ఉంటే సాయంత్రం ఆరింటికి ఉల్లి సమోసాలు తెచ్చేసుకో. అరచేతిలో రెండు పట్టే చిన్నవి, పల్చటి పొరతో ఉంటాయే, అవి. పాతబస్తీ వైపు వెళ్ళేవాళ్ళుంటే లుక్మీలు తెప్పించు. నలుచదరంగా ఉండి లోపల ఖీమా. పెళ్ళిళ్ళలో భోజనానికి ముందు పెడతారు. రెండూ మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి. ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు. లుక్మీకి మాత్రం అక్క చెప్పిన రూలే, తేగానే ఫ్రిజ్‌లోకి.

యాప్‌లో ఆర్డర్ పెడదాంలే అని మాత్రం అనుకోవద్దు. విరామంలో ఊరంతా ఒకేసారి నొక్కుతారు. పోయిన సీజన్లో మాకు బిర్యానీ వచ్చేసరికి ప్రెజెంటేషన్ సెర్మనీ నడుస్తోంది.

కూకట్‌పల్లి కాపురం · శుక్రవారం సాయంత్రం 6:20

అందరికీ థాంక్స్. ఇన్ని వస్తాయనుకోలేదు. రెండు ప్రశ్నలు. మా దగ్గర ఓవెన్, మైక్రోవేవ్ కలిసి ఉన్నది ఒకటుంది. అందులో పల్లీలకి పిండి పట్టించి చేస్తారట కదా, నూనె మూకుడు లేకుండా? రెండోది, పన్నెండు మందికి ఏది ఎంత కొనాలి? పోయినసారి మిగిలిన అటుకుల మిక్స్చర్ నెల రోజులు తిన్నాం.

గోదారి గట్టు · శుక్రవారం రాత్రి 7:02

మసాలా పల్లీలు మైక్రోవేవ్‌లో బ్రహ్మాండంగా వస్తాయి. రెండు కప్పుల పచ్చి పల్లీలు నీళ్ళలో తడిపి వెంటనే వంచెయ్యాలి. ఆ తడి మీదే అర కప్పు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, కారం, ఉప్పు, ఇంగువ, అర చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల నూనె. పిండి ప్రతి గింజకీ పట్టేలా వేళ్ళతో కలిపి, అవసరమైతే నీళ్ళు చిలకరించాలి, పొయ్యకూడదు. వెడల్పాటి గాజు పళ్ళెంలో ఒకదానికొకటి అంటుకోకుండా పరిచి రెండు నిమిషాలు. తీసి, గడ్డలు విడదీసి, మళ్ళీ రెండు నిమిషాలు. ఆ తర్వాత ఒక్కో నిమిషం చొప్పున పెట్టి చూస్తుండాలి.

తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి. కాలేదనుకుని ఇంకా పెడతారు చాలామంది. అక్కడే మాడిపోతాయి. ఒక గింజ బయట పెట్టి చల్లారాక కొరికి చూడండి. పల్లీ లోపల లేత గోధుమ రంగు వచ్చి, వేగిన వాసన వస్తే ఆపెయ్యడమే.

స్కోరు పుస్తకం · శుక్రవారం రాత్రి 7:40

లెక్క నేను చెప్తా. మరమరాలు పావుకిలో తెస్తే పెద్ద బేసిన్ నిండుతుంది, అంతకంటే వద్దు. పల్లీలు అన్నిటికీ కలిపి అర కిలో. బొబ్బర్లు అర కిలో నానబెడితే రెట్టింపు పైనే అవుతాయి, చిన్న కప్పుల్లో అందరికీ వస్తుంది. బజ్జీ మిరపకాయలు ఇరవై, కోస్తే ముక్కలు ఎనభై దాకా. సమోసాలు పెద్దవాళ్ళకి తలా మూడు. సర్వపిండి మూడు గిన్నెలు. ఇవన్నీ ఉంటే రాత్రి భోజనం అడగరు. అడిగితే పెరుగన్నం పెట్టెయ్యండి.

డల్లాస్‌లో దోసె · శుక్రవారం రాత్రి 9:15

మీకు అది రాత్రి పార్టీ. మాకు 7:30 మ్యాచ్ అంటే పొద్దున తొమ్మిది. శని, ఆదివారాల్లో పది కుటుంబాలు పళ్ళు తోముకుని నేరుగా ఎవరో ఒకరింటికి వచ్చేస్తారు. టిఫిన్, స్నాక్ ఒకటే అవ్వాలి.

మాకు పునుగులే గతి, పునుగులే స్వర్గం. రెండు రోజులు పులిసిన దోసె పిండి ఎలాగూ ఫ్రిజ్‌లో ఉంటుంది. దాంట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి పావుగంట వదిలేస్తే గట్టిపడుతుంది. నూనెలో వేసే ఓపిక లేనివాళ్ళు అదే పిండిని పొంగనాల పెనంలో పోస్తారు. ఒకసారికి పన్నెండు. ఎయిర్ ఫ్రయర్‌లో పునుగులు చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి, జారే పిండి దాంట్లో నిలవదు. దానికి ఫ్రోజెన్ సమోసాలు, పనీర్ ముక్కలు సరిపోతాయి.

ఇక్కడ సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) రోజున అమెరికన్ కొలీగ్స్ ఇంటికెళ్తే చిప్స్, సల్సా, చికెన్ వింగ్స్ పెడతారు. ఆ వింగ్స్ తింటే పది వేళ్ళకీ సాస్. మన కట్ మిర్చికి టూత్‌పిక్ గుచ్చి ఒకసారి పట్టుకెళ్ళాం. కారానికి కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటూనే ప్లేటు ఖాళీ చేశారు.

బెజవాడ బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:31

విన్నారా? కట్ మిర్చి ఖండాలు దాటింది. అసలైన బజ్జీ మాత్రం బెజవాడలోనే. హైదరాబాద్ బండ్ల మీద వేసే వాటిలో వాము వెయ్యరు.

ఇరానీ చాయ్ · శుక్రవారం రాత్రి 9:33

బాబాయ్, ఇప్పుడు అది అవసరమా?

కర్నూలు కారం · శుక్రవారం రాత్రి 9:36

రెండూ కాదు. ఉగ్గానితో పాటు తినే బజ్జీయే బజ్జీ.

నిర్వాహకుడు · శుక్రవారం రాత్రి 10:02

దీని తర్వాత వచ్చిన పద్నాలుగు బజ్జీ యుద్ధం పోస్టులు వేరే చోటికి మార్చాను. ఇక్కడ అడిగినాయన ఆదివారం లోపు సరుకులు కొనుక్కోవాలి.

నావి రెండు మాటలు. వేయించినవి న్యూస్‌పేపర్ మీద వెయ్యకండి. సిరాలో సీసం లాంటివి ఉంటాయని, వేడి నూనెకి అవి తిండిలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. టిష్యూ పేపరో, విస్తరాకో వాడండి. ఇంకోటి, రిమోట్‌కి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టండి. నూనె చేతులతో అందరూ దాన్నే పట్టుకుంటారు.

కూకట్‌పల్లి కాపురం · శనివారం ఉదయం 9:50

మా ఆవిడా నేనూ కూర్చుని ఖాయం చేశాం. శనివారం: కారం బొరుగులు, మసాలా పల్లీలు. ఆదివారం పొద్దున: సర్వపిండి, గుడాలు, గుడ్లు. టైమౌట్లలో మజ్జిగ. విరామంలో స్టవ్ మీద కట్ మిర్చి, అది నా డ్యూటీ. ఓవెన్‌లో సమోసాలు, దానికి మనిషి అక్కర్లేదు కదా. పిల్లలకి పొంగనాలు.

చికెన్ 65 తీసేశాం. వేడిది ఒక్కటే అన్న రూలు ఆవిడకి బాగా నచ్చింది. స్వీట్ కార్న్ కప్పులు మాత్రం నేను పట్టుబట్టి కలిపాను.

ఇరానీ చాయ్ · శనివారం ఉదయం 10:15

చికెన్ తీసేసి మొక్కజొన్న పెట్టావా? నేను ఈ చర్చ నుంచి వాకౌట్.

డైట్‌లో ఉన్నా · శనివారం ఉదయం 10:30

మజ్జిగలో ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి మధ్యాహ్నమే ఫ్రిజ్‌లో పెట్టండి. పంచదార, కూల్‌డ్రింకులు వద్దు. రెండు పెద్ద జగ్గులు, పైన మూత ఉండాలి. సిక్స్ కొడితే చాపల మీద వాళ్ళు కాళ్ళు చాపుతారు.

కూకట్‌పల్లి కాపురం · సోమవారం రాత్రి 8:45

మ్యాచ్ సంగతి అందరూ చూశారు, వదిలేద్దాం. తిండి సంగతి చెప్తా.

సర్వపిండి మొదటి టైమౌట్‌కే అయిపోయింది. వదినా, స్కోరు పుస్తకం గారు చెప్పిన మూడు గిన్నెలు చాలలేదు. విజయనగరం నుంచి వచ్చిన మా టీమ్ లీడ్ ఇదేంటి ఎప్పుడూ తినలేదే అని కొలతలు రాసుకుని వెళ్ళాడు. షుగర్ ఉన్నాయన గుడాల గిన్నె పక్కనే సెటిలయ్యాడు, చివరికి మిగతావాళ్ళు ఆయన్ని అడిగి తీసుకోవాల్సి వచ్చింది. కట్ మిర్చి తొమ్మిది నిమిషాల్లో అయింది. రెండో ఇన్నింగ్స్ మొదటి బంతికి నేను చాప మీదున్నాను.

మిగిలింది స్వీట్ కార్న్. చెంచా కావాలి, రెండు చేతులూ కావాలి, ఎవరూ ముట్టలేదు. ఇవాళ టిఫిన్‌లోకి ఉప్మాలో వేశాం.

ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటి నేను చెప్తా. గిన్నెలన్నీ టీవీ కింద టేబుల్ మీద సర్దాను. బొరుగుల కోసం లేచిన ప్రతివాడూ తెరకి అడ్డం. మూడో ఓవర్లో క్లీన్ బౌల్డ్ ఒక వీపు వెనక జరిగిపోయింది. తర్వాత ప్రతి గిన్నెనీ రెండుగా చేసి, ఒకటి సోఫా పక్కన స్టూలు మీద, ఒకటి చాపల వెనక పెట్టాం. అందరూ వెనక్కి చెయ్యి చాపి తీసుకున్నారు, తెర ఖాళీ.

ఓరుగల్లు వదిన · సోమవారం రాత్రి 9:00

చెల్లి మ్యాచ్ మొత్తం చూసిందా లేదా, అది చెప్పు ముందు.

కూకట్‌పల్లి కాపురం · సోమవారం రాత్రి 9:04

ఒక్క బంతి వదల్లేదు. నేను కట్ మిర్చి వేస్తుంటే గుమ్మంలో నిలబడి "నూనె ఇంకా కాగలేదు" అని కామెంటరీ కూడా ఇచ్చింది.

అనంతపురం అల్లుడు · మంగళవారం ఉదయం 11:20

ఇప్పుడే మొత్తం చదివాను. మా ఇంట్లో వచ్చే ఆదివారం 3:30 మ్యాచ్, దాని వెంటే 7:30ది కూడా చూస్తారట. ఎండలో కరెంటు కూడా పోతుంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి వస్తారు. దానికీ ఇవేనా?

గోదారి గట్టు · మంగళవారం మధ్యాహ్నం 12:15

3:30కి ఇవేవీ వద్దండి. భోజనం చేసి వచ్చినవాళ్ళకి ఆ ఎండలో నూనె వాసన తగిలితే వికారం. మొదటి మ్యాచ్‌కి అన్నీ చల్లటివి పెట్టండి. పుచ్చకాయని గింజలు తీసి, తొక్కతోనే త్రికోణాలుగా కోసి ఫ్రిజ్‌లో ఉంచండి, తొక్క పట్టుకుని తింటారు, వేళ్ళకి రసం అంటదు. ముంజలు దొరికితే చెప్పక్కర్లేదు. పచ్చి మామిడికాయ ముక్కలకి ఉప్పు, కారం. శ్రీరామనవమికి చేసే వడపప్పు గుర్తుందిగా? పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచి, మామిడి కోరు, కొబ్బరి, పచ్చిమిర్చి, నిమ్మరసం. స్టవ్ వెలిగించే పనే లేదు, కరెంటు పోయినా పర్లేదు. కాకపోతే తడి సరుకు కాబట్టి కొంచెం కొంచెం కలిపి తెస్తూ ఉండండి, గంటకి మించి బయట ఉంచకండి.

రెండు మ్యాచ్‌ల మధ్య కాస్త సమయం దొరుకుతుంది. మీ కట్ మిర్చి అప్పుడు.

బెజవాడ బాబాయ్ · మంగళవారం మధ్యాహ్నం 12:31

వాము మర్చిపోవద్దు.